సైఖ్ కొండ మీద మూడో దారి

నాన్న పోయాక ఆయన కాగితాలు సర్దే పని నా మీద పడింది. అదేమంత కష్టమైన పని కాదు. ఆయన ఇంజనీరు. ఏ సంవత్సరానివి ఆ సంవత్సరం కట్టగట్టి, పైన నీలం పెన్సిల్‌తో పనిచేసిన ఊరి పేరు రాసి పెట్టుకున్నాడు. ఒమాన్ కట్ట విప్పితే అందులో ఒక తస్రీహ్ దొరికింది. తస్రీహ్ అంటే అనుమతి పత్రం. ఆ రోజుల్లో జబల్ అఖ్దర్ కొండ ఎక్కాలంటే సైన్యం వాళ్ళిచ్చే ఆ కాగితం ఉండాలి. కింద చెక్‌పోస్టులో అది చూపిస్తే తప్ప గేటు ఎత్తేవాళ్ళు కాదు. అరబ్బీలో మూడు పేర్లు, పక్కన మూడు ఫోటోలు. టై కట్టుకుని నాన్న, తలకి నూనె పెట్టి నున్నగా దువ్వుకున్న అమ్మ, రెండు జడలతో నేను. కాగితాన్ని వెలుతురులోకి తెచ్చి నా మొహం చూసుకున్నాను. అందులో ఉన్న పిల్లకి అప్పటికింకా అబద్ధమాడాల్సిన అవసరం రాలేదు.

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి వేసవి అది. నాకు పదమూడేళ్ళు. నాన్న పనిచేసే కంట్రాక్టు కంపెనీకి కొండ మీద ఊళ్ళని కలిపే రోడ్డు పని దొరికితే, నాన్నా అమ్మా ఆ కొండ మీదే సైఖ్ ఊళ్ళో కాపురం పెట్టారు. బడి ఉన్నన్నాళ్ళూ నేను కింద, సముద్రం ఒడ్డున ఉన్న మత్రాలో పిన్ని వాళ్ళింట్లో ఉండి చదువుకునేదాన్ని. సెలవులిచ్చిన మర్నాడే కంపెనీ బండిలో కొండ మీదికి. మత్రాలో గేటు గొళ్ళెం ముట్టుకుంటే చెయ్యి కాలే రోజుల్లో సైఖ్‌లో సాయంత్రం స్వెట్టరు వేసుకునేవాళ్ళం. కొండ అంటే పైన ఒక కొన ఉంటుందనుకుంటాం. ఇక్కడ మాత్రం అంత ఎత్తు ఎక్కాక నేల చాపలా పరుచుకుని ఉంటుంది. ఆ చాప అంచుల్లో మెట్లుమెట్లుగా దానిమ్మ తోటలు, గులాబీ మడులు. నడుమ రాతినేల, ముదురాకుపచ్చ జూనిపర్ చెట్లు, వాటి మధ్య నించి నాన్న వాళ్ళు చదును చేస్తున్న కంకర రోడ్డు. పొద్దుట నించి సాయంత్రం దాకా లెక్కపెడితే ఆ రోడ్డు మీద నాలుగు బండ్లు పోయేవి కావు.

మా ఇల్లు ఊరి చివర రెండు గదుల సిమెంటు ఇల్లు. ఎత్తు వల్ల నీళ్ళు తొందరగా మరిగిపోయేవి కానీ పప్పు ఉడికేది కాదు. కుక్కరు ఎన్ని కూతలు కూసినా కందిపప్పు బద్దలు బద్దలుగానే ఉండేది. అమ్మ దాన్ని ముందురోజే నానబెట్టేది. పెరుగు తోడుకోవడానికి గిన్నెకి నాన్న పాత మఫ్లరు చుట్టేది. ఒంటిగంటకి బండి చప్పుడు వినపడేది. నాన్న బూట్లు గుమ్మం బయట విప్పి, మడమలు గోడకి ఆనించి పెట్టేవాడు. భోజనం, నిమ్మకాయ బద్దతో మజ్జిగ, కళ్ళ మీద తడి తువ్వాలు వేసుకుని ఇరవై నిమిషాలు పడక. మూడింటికి పది నిమిషాలుందనగా లేచి, గడియారానికి కీ ఇచ్చి, మళ్ళీ సైటుకి. తిరిగి ఆరింటికి. ఈ వేళల్లో తేడా వచ్చేది కాదు, రాకూడదు కూడా. నాన్న అరిచే మనిషి కాదు. నచ్చనిది ఏదైనా జరిగితే కంచం ముందు నించి లేచి చెయ్యి కడుక్కునేవాడు. ఇక రెండు మూడు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరేదీ వినపడేది కాదు. అరిస్తే బాగుండునని అమ్మా నేనూ చాలాసార్లు అనుకున్నాం.

ఆ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక నీలం రంగు ఆడవాళ్ళ సైకిలు ఉండేది. అది ఓడెట్ మదాం ఇచ్చింది. ఆమె భర్త నీళ్ళ సర్వే చేసే ఫ్రెంచి ఇంజనీరు. ఆ వసంతంలో పని ముగించుకుని వాళ్ళు వెళ్ళిపోయేదాకా, కొండ మీద అమ్మ మాట్లాడుకోగలిగిన ఏకైక పొరుగు మనిషి ఆమే. ఇద్దరికీ వచ్చింది వచ్చీరాని ఇంగ్లీషు. మదాంది ఫ్రాన్సు నడిమధ్యలో ఎత్తయిన మైదానంలాంటి పల్లెసీమట. అక్కడి రోడ్లూ ఇలాగే ఉంటాయనీ, సైకిలు మీద పోతుంటే ఎదురయ్యేది ఆవులేననీ, అవి తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడతాయనీ చెప్పేదట. ముప్పయ్యారేళ్ళ మా అమ్మకి ఆ రాతినేల మీద సైకిలు నేర్పింది ఆవిడే. ఒక నోటుబుక్కులో మూడు దారులు గీసిచ్చింది. చదునుగా ఉన్నచోట నీలం గీత, ఎక్కేచోట ఎర్ర గీత. మొదటిది అక్రోటు చెట్ల దాకా, గంటలో పోయి రావచ్చు. రెండోది సైన్యం వాళ్ళ కంచె చుట్టూ. మూడోది అన్నిటికన్నా పొడుగు. జూనిపర్ చెట్లు దాటి, మైలు పొడుగునా దిగి, రాళ్ళు తప్ప చుక్క నీరు లేని వాదీ, అంటే కొండవాగు, ఒకటి దాటి, ఎనిమిది ఇళ్ళున్న ఊరి దాకా పోయే దారి.

మదాం వెళ్ళిపోతూ సైకిలు అమ్మకి వదిలేసింది. అమ్మ నాన్నతో, 'రేవతికి ఇచ్చిందండి, సెలవుల్లో వచ్చి తొక్కుకుంటుందని,' అని చెప్పింది. ఆ మాటతో నేను కొండ మీదికి రాకముందే ఆ రహస్యంలో భాగస్తురాలినైపోయాను. నాన్న కింద అరవై మంది కూలీలు, అందరూ తెలంగాణ వాళ్ళో పంజాబీలో. ఇంజనీరుగారి భార్య సైకిలెక్కి రోడ్డున పోతోందని వాళ్ళ రూముల్లో మాట్లాడుకోవడం నాన్న ఊహకి కూడా అందని సంగతి. అందుకని రోజూ మూడుంబావుకి, బండి దుమ్ము అణిగాక, అమ్మ పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ నడుముకి బిగించి బయల్దేరేది. ఆ డ్రెస్సు చలి కోసం కుట్టించుకుందని నాన్న నమ్మకం. అయిదుంబావుకల్లా తిరిగొచ్చి, మొహం కడుక్కుని, చీర కట్టుకుని, సైకిలు చక్రాలు తడిగుడ్డతో తుడిచి, కాఫీ నీళ్ళు పడేసేది. ఆ రెండు గంటలూ నేను ఇంట్లో ఉండాలి. ఎవరైనా వస్తే అమ్మ పడుకుందని చెప్పాలి. రెండు గంటలూ నా చెవులు రోడ్డు మీదే ఉండేవి. అమ్మ వచ్చేటప్పటి మొహం చూడ్డానికే ఆ భయమంతా భరించేదాన్ని. చెంపలు కంది, వెంట్రుకలు రేగి, ఎవరో తెలియని మనిషిలా ఉండేది.

ఆ రోజు బయల్దేరేటప్పుడు ఎండ కాస్తోంది. 'మూడో దారి, అయిదున్నరవుతుందేమో, కంగారు పడకు,' అంది అమ్మ. నాలుగు కాకుండానే గదిలో చీకటి పడ్డట్టయింది. ఆ కొండల మీద ఎండాకాలపు వాన మధ్యాహ్నం దాటాకే వస్తుంది, వస్తూ వస్తూ చెప్పదు. ముందు ఉరుము, వెంటనే పెరట్లో రేకు మీద వడగళ్ళు. కిటికీ అద్దాల్లోంచి చూస్తే ఎదురింటి మిద్దె కూడా కనపడలేదు. అమ్మ ఏ చెట్టు కిందో ఆగి ఉంటుందనుకున్నాను. ఉరుముతున్నప్పుడు చెట్టు కింద నిలబడకూడదని పుస్తకంలో చదివింది గుర్తొచ్చింది. పొయ్యి వెలిగించి ఆర్పేశాను. మళ్ళీ వెలిగించాను.

నాలుగున్నరకి బండి చప్పుడైంది. వానకి పని ఆపేసి నాన్న వచ్చేశాడు. బూట్లు విప్పి, మడమలు గోడకి ఆనించి, తల తుడుచుకుంటూ లోపలికొచ్చి, 'అమ్మేదీ?' అన్నాడు.

'ఉమ్మ్ సాలిం వాళ్ళింటికెళ్ళింది,' అన్నాను. ఉమ్మ్ సాలిం ఎదురింటి ముసలావిడ. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలియదు, నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది.

'ఇంత వానలోనా? గొడుగు తీసుకెళ్ళిందా?'

'తీసుకెళ్ళింది నాన్నా.'

గొడుగు తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. నేను వెళ్ళి ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. నాన్న నాకేసి ఒకసారి చూసి, కుర్చీలో కూచుని, తడిసిన సైటు పుస్తకం పేజీలు ఒక్కొక్కటీ విడదీయడం మొదలెట్టాడు. అవతల పోసిన కాంక్రీటు కొట్టుకుపోయిందని చెప్పాడు. నన్ను టీ పెట్టమన్నాడు. తలుపు దగ్గర్నించి కదిలితే గొడుగు కనపడుతుంది. 'పాలు లేవు నాన్నా,' అన్నాను. పాలున్నాయి. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. చెప్తే అమ్మ సైకిలు పోతుంది, ఆ కందిన మొహం పోతుంది, ఇంట్లో ఎన్ని రోజులు మాటలుండవో తెలియదు. చెప్పకపోతే? అమ్మ ఈపాటికి దారిలో ఉండే ఉంటుంది, ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఇలా పది నిమిషాలు, పది నిమిషాలుగా నలభై నిమిషాలు గడిపేశాను. వాన తగ్గింది. మిద్దెల మీద నించి నీళ్ళు కారే చప్పుడు మిగిలింది.

అప్పుడు గంగారాం వచ్చాడు. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు, జగిత్యాల వైపు మనిషి, నాన్నకన్నా రెండు మూడేళ్ళు పెద్ద. గుమ్మంలోనే నిలబడి, 'సార్, చెట్ల అవతలి వాదీ పొంగింది. గింత నీళ్ళు నేనెన్నడు సూడలే. బండ్లన్ని ఇవతల్నే ఆపిచ్చిన,' అన్నాడు. అని, నాన్న వంక కాకుండా నా వంక చూశాడు. 'అమ్మ ఇంట్లనే ఉన్నదా, బిడ్డా?'

గంగారాం కళ్ళు చూసేసరికి ఆయనకి తెలుసని అర్థమైంది. 'లేదు,' అన్నాను. 'మూడో దారిలో వెళ్ళింది. సైకిలు మీద.'

నాన్నకి ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. 'ఎవరు?' అన్నాడు. నేను మళ్ళీ చెప్పాను. నాన్న పుస్తకం మూసి, లేచి, బూట్లు వేసుకున్నాడు. లేసులు కట్టుకోలేదు. ఆయన లేసులు కట్టుకోకుండా గడప దాటడం నేను చూడ్డం అదే మొదలు.

బండి గంగారాం నడిపాడు. జూనిపర్ల కింద వడగళ్ళు ఇంకా తెల్లగా కుప్పలు పడి ఉన్నాయి, చితికిన ఆకుల ఘాటు వాసన ముక్కుల్లోకి కొడుతోంది. దిగుడు సగం దిగేసరికే చప్పుడు వినపడింది. నీళ్ళ చప్పుడనుకోలేదు, పెద్ద లారీలేవో వరసగా పోతున్నాయనుకున్నాను. పొద్దుటిదాకా ఎండిన రాళ్ళతో ఉన్న వాదీ ఈ గట్టు నించి ఆ గట్టు దాకా ఎర్రమట్టి రంగులో పరిగెడుతోంది. చెట్ల కొమ్మలు, ఒక నీళ్ళ డ్రమ్ము, ఏదో ఇంటి తలుపు కొట్టుకుపోతున్నాయి. కింది వంపులో ఒక బండరాయికి ఆనుకుని, సగం నీళ్ళలో, సగం పైకి, నీలం సైకిలు. దాని వెనక చక్రం ఆ ప్రవాహానికి ఆగకుండా తిరుగుతోంది.

నాన్న నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళ దాకా వెళ్ళాడో లేదో గంగారాం వెనక నించి బెల్టు పట్టుకుని లాగాడు. 'వద్దు సార్. ఇది మన వాగు గాదు. లోపల బండలు దొర్లుతున్నయ్, ఇనుండ్రి.' నిజమే, నీళ్ళ కింద రాయి రాయికి తగులుతున్న దబ్‌మన్న చప్పుళ్ళు కాళ్ళకి తెలుస్తున్నాయి. నాన్న వదిలించుకోబోయాడు. గంగారాం వదల్లేదు. 'మీరు పోతె ఈ పిల్లకెవలు?' అన్నాడు. నాన్న ఆగి, అవతలి గట్టు వైపు తిరిగి, 'సుభద్రా,' అని పిలిచాడు. పదిమందిలో అమ్మని ఆయన పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. మళ్ళీ పిలిచాడు. ఆ పిలుపు నీళ్ళ చప్పుడులో మా దాకా కూడా సరిగ్గా రాలేదు. నేను చక్రాన్నే చూస్తున్నాను. నలభై నిమిషాలు, నలభై నిమిషాలు అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు.

చాలాసేపటికి అవతల, తోట మెట్ల మీద, కర్ర పట్టుకున్న ముసలాయన ఒకడు కనిపించాడు. గంగారాం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని తనకొచ్చిన అరబ్బీలో అరిచాడు. హిందీ ఆడమనిషి, హిందీ ఆడమనిషి అని. అరబ్బీలో హిందీ అంటే ఇండియా మనిషి. ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. గంగారాం సైకిలు వైపు చూపించి, కాళ్ళతో తొక్కుతున్నట్టు చేసి చూపించాడు. ముసలాయన అరచెయ్యి పైకెత్తి మాకేసి చూపించి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ చెయ్యికి అర్థమేమిటి? ఆగమనా? అయిపోయిందనా? నేను గంగారాంని అడిగాను. ఆయన మెట్ల వంకే చూస్తున్నాడు. నాన్న అడగనే లేదు.

తరవాత మెట్ల మీదికి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ముగ్గురూ ఆ ఊరివాళ్ళ బట్టల్లోనే ఉన్నారు. పూలపూల గౌన్లు, రంగు రంగు ముసుగులు. మధ్యలో ఉన్నామెని మిగతా ఇద్దరూ పట్టుకుని నడిపిస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది, అమ్మ వాళ్ళలో లేదని. అంతలో ఆ నడుమ మనిషి ఎడమ చెయ్యెత్తి, భుజం మీద లేని పైటని సర్దుకుంది.

నాన్న అక్కడే ఒక తడిరాయి మీద కూలబడ్డాడు. తల వంచుకుని చాలాసేపు బూట్ల లేసులు కట్టుకున్నాడు.

నీళ్ళు తగ్గడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ అటు వాళ్ళూ ఇటు మేమూ నిలబడే ఉన్నాం. మాట వినపడదు, పోవడానికి మనసొప్పదు. చీకటి పడబోతుండగా గంగారాం తాడు పట్టుకుని ముందు దాటాడు. ముసలాయనా ఆయనా చెరో పక్కా పట్టుకుని అమ్మని తీసుకొచ్చారు. తిరిగొస్తూ వాదీ మధ్యలో ఉండగా చప్పుడు విని, సైకిలు వదిలేసి వెనక్కి, అవతలి గట్టుకే పరిగెత్తిందట. గట్టెక్కబోతూ జారి పడింది. మోచెయ్యి వాచిపోయింది. నాన్న ఆ చెయ్యి పట్టుకుని, 'వేళ్ళు కదులుతున్నాయా?' అన్నాడు. 'కదులుతున్నాయండి,' అంది అమ్మ. అంతే. బండిలో అందరం ముందుకి చూస్తూ కూచున్నాం. కొంతదూరం పోయాక నాన్న ఎవరినీ చూడకుండా, 'ఎన్నాళ్ళ నించి?' అన్నాడు. గంగారామే, 'నేను మూడు నాలుగుసార్లు సూసిన సార్. దుమ్ము పడద్దని ట్యాంకరు పక్కకు ఆపేటోణ్ణి,' అన్నాడు.

'నాకెందుకు చెప్పలేదు?'

'మీరు అడుగలే గద సార్.'

ఆ రోడ్డు మీద పనిచేసే ప్రతివాడికీ తెలుసు, నాన్నకి తప్ప. ఆ సంగతి ఆయనకి ఆ బండిలోనే అర్థమై ఉంటుంది.

ఇంటికొచ్చాక అమ్మని మంచం మీద పడుకోబెట్టి, చేతికి కట్టు కట్టి, నాన్న ముందుగదిలోకి వచ్చాడు. తలుపు మూసి, దాని వెనకున్న గొడుగు తీసి బల్ల మీద పెట్టాడు. 'ఇది నేను వచ్చినప్పుడే చూశాను,' అన్నాడు. 'నువ్వు తీసుకెళ్ళిందన్నావు కదా, ఇంట్లో ఇంకోటి ఉందేమోననుకున్నాను.' నన్ను కొట్టినా అంత తగిలేది కాదు. ఆ తరవాత జీవితాంతం, నేను ఏం చెప్పినా నాన్న ఇంకోసారి అడిగేవాడు. పరీక్ష బాగా రాశానంటే, 'బాగానే రాశావా?' పెళ్ళయ్యాక ఫోన్లో కులాసాగా ఉన్నామంటే, 'కులాసాగానే ఉన్నారా?' విన్నవాళ్ళు అది తండ్రి ఆప్యాయత అనుకునేవాళ్ళు. నాకు మాత్రం ప్రతిసారీ వీపుకి తలుపు తగిలేది.

పది రోజులు ఇల్లు ఎప్పటిలాగే మూగపోయింది. గంగారాం ఆ సైకిలుని వాదీలోంచి తీసి, వర్క్‌షాపులో చక్రం సరిచేసి తెచ్చి, ఏమీ అనకుండా షెడ్డులో పెట్టి వెళ్ళాడు. తరవాతి శుక్రవారం నాన్న దాన్ని బండి వెనక పడేసి, మా ఇద్దర్నీ ఎక్కమన్నాడు. అక్రోటు చెట్ల దారి మొదట్లో ఆపి, సైకిలు దించి, స్టాండు వేసి, 'తొక్కు, చూస్తాను,' అన్నాడు. అది కోపమో మరేమిటో మాకు తెలియలేదు. అమ్మ సైకిలు పట్టుకుని నిలబడింది. 'మీరు చూస్తుంటే నాకు రాదండి,' అంది. అమ్మ ఆయనకి ఎదురు చెప్పడం అలా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. నాన్న బండి వైపు తిరిగాడు. 'అయితే చివర్న ఉంటాం,' అని నన్నెక్కించుకుని వెళ్ళి, చెట్ల దగ్గర బండి ఆపాడు. దిగి, గడియారం చూసుకుంటూ అటూ ఇటూ నడిచాడు. అరగంటలో రావాలి. ముప్పావుగంటయింది. నాన్న బండి తలుపు తీశాడు, మళ్ళీ వేశాడు. రోజూ నేను పడ్డ ఆ రెండు గంటలు ఆయన అక్కడ పడుతున్నాడు. చివరికి మలుపులో అమ్మ కనపడింది, తీరుబడిగా, చున్నీ ఎగురుతుండగా. ఎందుకంత ఆలస్యమైందని నాన్న అడగలేదు, అమ్మా చెప్పలేదు. ఆ తరవాత ఆ కొండ మీద ఉన్నన్నాళ్ళూ ఆమె మూడు దారుల్లోనూ తిరిగింది. మబ్బున్న రోజున నాన్న సైటు నించి గంగారాంతో కబురు పంపేవాడు.

మొన్నామధ్య మావారితో కలిసి మళ్ళీ ఆ కొండెక్కాను. ఇప్పుడు తారు రోడ్డు, రెండు వరసల బండ్లు. లోయ అంచున పెద్ద పెద్ద హోటళ్ళు. వాదీ మీద సిమెంటు వంతెన, కిందనించి ఎన్ని నీళ్ళు పోయినా పైవాళ్ళకి తెలియదు. హెల్మెట్లు పెట్టుకుని, బిగుతు బట్టల్లో ఆడవాళ్ళూ మగవాళ్ళూ గుంపుగా సైకిళ్ళు తొక్కుకుంటూ పోతున్నారు. వాళ్ళ వెనకే మంచినీళ్ళతో ఒక కారు. ఎవరెక్కడున్నారో అందరి ఫోన్లలోనూ చుక్కలుగా కనపడుతుందట. నా కూతురు కూడా ఎక్కడికెళ్ళినా అలాంటి చుక్క పంపుతుంది. ఆ చుక్క చూసుకుని నిశ్చింతగా ఉంటాను. అది ఉన్నచోట అమ్మాయి ఏ మొహంతో ఉందో మాత్రం నాకు తెలియదు. ఒకప్పుడు ఒక మనిషి ఎక్కడుందో తెలియక నలభై నిమిషాలు చచ్చాను కానీ, ఆమె ఏ మొహంతో తిరిగొస్తుందో నాకు బాగా తెలిసేది.

అమ్మ ఇప్పుడు కాకినాడలో నా దగ్గరే ఉంటోంది. నాన్న కాగితాలు సర్దిన రోజు సాయంత్రం, ఇన్నేళ్ళూ అడగలేనిది అడిగాను. ఆ రోజు నేను వెంటనే నిజం చెప్పి ఉంటే నీకా దెబ్బ తగిలేది కాదు కదమ్మా అని. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. 'నువ్వు చెప్పినా అంతే. నీళ్ళు తగ్గేదాకా ఎవరొచ్చినా గట్టునే ఉండాలి,' అంది. ఇంకో రెండు కాయలు వలిచాక, 'చెట్లు దాటేసరికే మబ్బు కనపడింది నాకు. నల్లగా ఉంది. తిరిగొచ్చేయొచ్చు. రాలేదు,' అంది.

'ఈ సంగతి నాన్నకి తెలుసా?'

'తెలుసు. ఆ శుక్రవారం ఇంటికొచ్చాక చెప్పాను.'

'ఏమన్నారు?'

'బ్రేకులు రెండూ పట్టేవా అని అడిగారు. పట్టేవన్నాను,' అంది అమ్మ, ఈనెలన్నీ ఒక పక్కకి చేరుస్తూ. 'ముందుది పట్టేది కాదు.'